శిరస్త్రం లేని మహారథులు



పద్యం మీదనో, సంధి మీదనో, ఒక జాతీయం పుట్టుక మీదనో వ్రాసుకొనే ముసలిపంతులు మోటారు సైకిళ్ళ జోలికి ఎందుకు వచ్చాడని ఆశ్చర్యపోకండి. చివరికి ఇదీ మాటల గొడవే. మాటలతోపాటు కొన్ని తలకాయల గొడవ కూడాను. మగవాడన్నవాడికి ఏయే వస్తువులుంటే అందమో, ఏవి ఉంటే గౌరవమో చెప్పే జాబితా ఒకటి పత్రికలలోను, టీవీలలోను, దుకాణాల అద్దాల వెనుక నుండి మనకు రోజూ కనబడుతూనే ఉంటుంది. బండి, గడియారం, నల్లకళ్ళద్దాలు, తోలుకోటు, క్రికెట్టు బ్యాటు. ఆ జాబితాలో వేగం ఉంది. వేగానికి తగిన రక్షణ మాత్రం లేదు. మన పూర్వుల జాబితాలో రెండూ ఉండేవి. అందులోనూ రక్షణ ముందుండేది. ఈ టపా ఆ తేడా గురించి.

నేనుండేది ఆరాంఘర్ చౌరస్తాకు నడిచి వెళ్ళగలిగినంత దూరంలో. ముందు ఈ పేరు చూడండి. పారసీకంలో ఆరాం అంటే విశ్రాంతి. సంస్కృతంలో ఆరామం అంటే తోట, మనసు రమించే చోటు. ఈ రెండు మాటలూ ఒకే తల్లి పిల్లలు. ఘర్ అంటే ఇల్లని చెప్పనక్కరలేదు. మొత్తం మీద విశ్రాంతి గృహమన్నమాట. ఇప్పుడా చోట విశ్రాంతి తప్ప తక్కినవన్నీ ఉన్నాయి. మెహిదీపట్నంలో బయలుదేరిన 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే ఇక్కడికి వచ్చి దిగుతుంది. దానిని 2009 అక్టోబరులో తెరిచారు. అప్పటినుండి మా వైపు వారందరి చిరునామాలు పిల్లరు నంబర్లలోకి మారిపోయాయి. జూపార్కు వైపునుండి నాలుగు కిలోమీటర్ల పైచిలుకు వంతెన మరొకటి వచ్చింది. 2025 జనవరిలో తెరిచి దానికి మన్మోహన్ సింగ్ పేరు పెట్టారు. 1991లో ఒకరు ప్రధాని, మరొకరు ఆర్థికమంత్రి. ఇన్నేళ్ళకు మళ్ళీ ఇద్దరూ ఆరాంఘర్‌లో కలుసుకొన్నారని మా మిత్రుడొకాయన చమత్కరిస్తూ ఉంటాడు. 'వేయిపడగలు' నవలను హిందీలోకి తెచ్చిన పండితుని పేరు మీద ఒక దారి ఉండడం నాబోటివారికి ఎట్లాగూ సంతోషమే.

సాయంకాలం ఆ చౌరస్తాలో ఒక పావుగంట నిలుచుంటే లోకం తెలుస్తుంది. కాటేదాను నుండి సరకు లారీలు, శంషాబాదు విమానాశ్రయానికి పోయే కార్లు, బెంగుళూరు బస్సులు, వీటన్నిటి సందుల్లోనుంచి దారం సూదిలో దూరినట్లు దూరిపోయే మోటారు సైకిళ్ళు. నడిపేవాడికి ఇరవై రెండేళ్ళుంటాయి. బండి ధర లక్షన్నరకు తక్కువుండదు. పెట్రోలు టాంకు మీద వేలిముద్ర పడితే చొక్కా అంచుతో తుడుస్తాడు. హెల్మెట్టు ఉంటుంది, లేకపోలేదు. కాకపోతే అది మోచేతికి కడియంలా తగిలించి ఉంటుంది. దూరాన పోలీసు కనబడగానే తలకెక్కుతుంది, చౌరస్తా దాటగానే మళ్ళీ మోచేతికి దిగుతుంది. కెమెరాతో ఫోటో తీసి ఇంటికి చలానా పంపే కాలం వచ్చాక, తల కప్పుకోవడానికి బదులు నంబరు పలకను కప్పుకొనే తెలివి కూడా పుట్టింది.

ఈ పిల్లవాణ్ణి తిట్టడం నా ఉద్దేశం కాదు. వాడికి ఆ బండి మీద ఉన్న మోజు నాకు అర్థమవుతుంది. మా యౌవనంలో బుల్లెట్టు చప్పుడు వీధి మొదట్లో వినబడితే పాఠం చెప్పే మాస్టారు కూడా ఒక క్షణం ఆగేవారు. మైసూరులో తయారైన జావా, యెజ్డీ బండ్లంటే కాలేజీ కుర్రాళ్ళకు ప్రాణం. 1985లో వచ్చిన యమహా ఆర్.ఎక్స్. 100 తయారీ 1996లోనే ఆగిపోయినా, ఈనాటికీ పాతబండిని వెదికి పట్టి, ఒక్కొక్క భాగం బాగుచేయించుకొని ఎక్కేవారున్నారు. 2018లో ఆ పేరుతో తెలుగు సినిమాయే వచ్చింది. మా తరం ఉపాధ్యాయులకు ప్రాప్తించినది బజాజ్ చేతక్. రాణాప్రతాపుని గుర్రం పేరు మోస్తూ, కూరగాయల సంచీ మోస్తూ నడిచేది పాపం! మన హైదరాబాదు ఆల్విన్ వారు తమ స్కూటరుకు పుష్పక్ అని పేరు పెట్టారు. వాహనానికి పేరు పెట్టేటప్పుడు గుర్రమో విమానమో గుర్తుకు రావడం సహజం. మనిషి తన కాళ్ళకున్న వేగంతో ఏనాడూ తృప్తి పడలేదు.

అయితే 2001లో ఒక చిత్రమైన మలుపు వచ్చింది. బజాజ్ వారు పల్సర్ బండిని విడుదల చేస్తూ 'డెఫినిట్లీ మేల్' అని ప్రకటించారు. నిస్సందేహంగా పురుషుడే అని తాత్పర్యం. వ్యాకరణం చెప్పుకొని బ్రతికినవాణ్ణి కనుక నాకిది ముల్లులా గుచ్చుకొంది. చిన్నయసూరి బాలవ్యాకరణం ప్రకారం తెలుగులో జడపదార్థానికి మహత్తు హోదా లేదు. బండి అమహత్తు. 'బండి వచ్చింది' అంటాం కాని 'వచ్చాడు' అనం. లింగభేదాన్ని వస్తువులకు అంటగట్టే హిందీ గొడవ మనకు లేనేలేదు. ఒక్క ప్రకటనతో అమహత్తు కాస్తా మహత్తయి కూర్చుంది. ఆ తరువాత జరిగినది ఇంకా చిత్రం. బండి మగవాడైన కొద్దీ దాని మీద కూర్చున్నవాడు తన మగతనాన్ని బండిలో వెదుక్కోవడం మొదలుపెట్టాడు. బండికి ఎన్ని సీసీలు ఉంటే తనకంత మర్యాద. ఇక మగవాడికి భయమెందుకు? భయం లేనివాడికి తల మీద కప్పెందుకు? సినిమా కథానాయకుడు జుట్టు గాలికెగురుతూ వస్తాడు. ముఖం కనబడకపోతే కెమెరాకు పని లేదు కదా!

ఇక్కడే నాకు పేచీ. శౌర్యానికీ కవచానికీ చుక్కెదురని మనకెవరు నేర్పారు? మన భాష అయితే నేర్పలేదు.

'సన్నద్ధుడు' అనే మాటను మనం రోజూ వాడుతున్నాం. పరీక్షలకు సన్నద్ధం, ఎన్నికలకు సన్నద్ధం. 'నహ్' ధాతువుకు కట్టుట అని అర్థం. బాగుగా కట్టుకొన్నవాడు సన్నద్ధుడు. ఏమి కట్టుకొన్నవాడు? కవచం. అమరకోశం క్షత్రియవర్గంలో సన్నద్ధ, వర్మిత, సజ్జ శబ్దాలు పర్యాయాలు. మూడింటికీ కవచం తొడిగినవాడనే అర్థం. సన్నాహమన్నా మొదటి అర్థం కవచమే. అంటే మన భాషలో ఒళ్ళు కప్పుకోకుండా సిద్ధపడడమన్నది అసాధ్యం. మనం 'పెళ్ళి సన్నాహాలు' అన్నప్పుడల్లా తెలియకుండానే యుద్ధకవచాన్ని తలచుకొంటున్నాం (ఇందులో చమత్కారం వెదకవద్దని గృహస్థులకు మనవి). అదే వర్గంలో కవచానికి తనుత్రం, వర్మ, కంకటకం వంటి పేర్లతోపాటు జాగరం అని ఒక పేరుంది. శివరాత్రికి చేసే జాగరం మాటే ఇది. మెలకువకూ కవచానికీ ఒకే పేరు పెట్టిన పూర్వుల మనసు ఎట్లాంటిదో ఊహించుకోవచ్చు. తలకు తొడిగేదానికి శీర్షణ్యం, శిరస్త్రం అని ప్రత్యేకంగా పేర్లున్నాయి. ఇక వర్మ అన్న మాట మనవాళ్ళ పేర్ల చివర ఎంత గౌరవంగా కూర్చుందో చెప్పనక్కరలేదు. ఏ వర్మగారూ తన పేరులో కవచముందని సిగ్గుపడగా నేను చూడలేదు.

పోనీ ఇవన్నీ నిఘంటువు మాటలు, వ్యవహారంలో ఎట్లా ఉండేదో అంటారా? మన రాయలవారి కొలువుకే పోదాం. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ మహానవమి ఉత్సవాలను, ఆ తరువాత జరిగిన సేనల కవాతును కళ్ళకు కట్టినట్లు వ్రాశాడు. ఆనాడు గుర్రమంటే ఈనాటి వెయ్యి సీసీల బండి వంటిది. అరేబియా, పారశీక దేశాల నుండి ఓడలలో రావాలి, బంగారం పోసి కొనాలి. మనుమంచి భట్టు గుర్రాల లక్షణాల మీద తెలుగులో పద్యగ్రంథమే వ్రాశాడంటే ఆ మోజు ఎంతటిదో తెలుస్తుంది. అటువంటి గుర్రాలనెక్కిన రౌతుల వేషాన్ని పేస్ వర్ణిస్తూ, పొరలు పొరలుగా కుట్టిన అంగీలను, తోలు కవచాలను, మెడను కూడా కప్పే అంచులున్న శిరస్త్రాలను, ముఖానికి వేరుగా ఉన్న కప్పులను చెబుతాడు. కొందరి కంఠత్రాణాలు బంగారు పూతవి, కొందరివి వెండిబంగారు రేకులు తాపినవి, కొందరివి అద్దంలా మెరిసే ఉక్కువి. గుర్రాల ముఖాలకు కూడా కప్పులున్నాయి. చూశారా! బంగారం ఖర్చు పెట్టినది గుర్రం మీద మాత్రమే కాదు, తలమీదా మెడమీదా కూడా. రౌతుకు అది అలంకారం, అది హోదా. శిరస్త్రం లేకుండా కవాతుకు రావడమంటే తలపాగా లేకుండా సభకు రావడం వంటిది.

వేగం సంగతికి వస్తే మనకు నలోపాఖ్యానం ఉండనే ఉంది. బాహుకుడి వేషంలో ఉన్న నలుడు ఋతుపర్ణుని రథాన్ని విదర్భకు తోలుతున్నాడు. రాజుగారి ఉత్తరీయం జారి పడింది. రథం ఆపు, తెచ్చుకొంటామన్నాడు రాజు. అది యోజనం దూరంలో వెనుకబడిపోయింది, ఇక దొరకదన్నాడు నలుడు. తరగతిలో ఈ ఘట్టం చెప్పినప్పుడు పిల్లల కళ్ళు మెరిసేవి. వాళ్ళకు నచ్చినది వేగం. నేను ఆపి చెప్పేది దానికి ముందున్న సంగతి. నలుడు మొదట గుర్రాలను పరీక్షించాడు. బక్కచిక్కిన గుర్రాలను ఎన్నుకొంటే రాజు అనుమానించాడు కూడా. నలుడికి ఉన్నది అశ్వహృదయమనే విద్య. వేగం ఆ విద్యకు వచ్చిన ఫలం. ఇక నేటి సారథికి చక్రాలలో గాలి ఎంత ఉండాలో, ముందు బ్రేకు వెనుక బ్రేకు ఎప్పుడు ఎంత నొక్కాలో చెప్పేవారు లేరు. వాడు బండి కొన్న రోజే మహారథుడు.

ఉత్తరీయం లెక్కను ఈనాటి లెక్కలోకి మారిస్తే ఇట్లా ఉంటుంది (మా పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పిన మిత్రుడు సరిచూసి పెట్టాడు). గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా పోతుంది. కన్ను చూసి చెయ్యి నొక్కేలోగా గడిచేది అంతే కాలం. ఆ వేగంతో గోడను గుద్దడమంటే 14 మీటర్ల ఎత్తునుండి కింద పడడం. వేగం రెట్టింపు చేసి 120కి పోతే ఎత్తు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. 57 మీటర్లు. పిల్లలకు ఈ లెక్క రాదని కాదు, ఇంటర్మీడియట్‌లో అందరూ చదివినదే. మార్కులు కూడా వచ్చాయి.

ఆరాంఘర్ నుండి శంషాబాదు పోయే దారిలో పైన ఔటర్ రింగురోడ్డు ఉంటుంది. మొత్తం 158 కిలోమీటర్లు. దాని మీద ద్విచక్రవాహనాలకు ప్రవేశం లేదు. అయినా ఆ నున్నని రోడ్డు కుర్రకారును పిలుస్తూనే ఉంటుంది. 2011 సెప్టెంబరులో క్రికెట్టు మాజీ కెప్టెన్ అజారుద్దీన్‌గారి కుమారుడు, పందొమ్మిదేళ్ళవాడు, అక్కడే వెయ్యి సీసీల సుజుకీ బండి మీద ప్రమాదానికి గురై కొద్దిరోజులకు కన్నుమూశాడు. అంతకు ముందు ఏడాది జూనులో నటుడు కోట శ్రీనివాసరావుగారి ఏకైక కుమారుడు మోటారు సైకిలు ప్రమాదంలోనే పోయాడు. వారికి కలిగిన దుఃఖాన్ని ఇక్కడ ఉదాహరణగా వాడుకోవడానికి చెయ్యి రావడం లేదు. పేరూ డబ్బూ ఉన్నవారికి కూడా ఈ విషయంలో మినహాయింపు లేదన్నంత వరకే. మరొక వైపున 2021 సెప్టెంబరులో నటుడు సాయిధరమ్ తేజ్ హైదరాబాదులో ఖరీదైన బండి మీద నుండి జారిపడి చాలాకాలం మంచం పట్టి లేచాడు. తల మీద హెల్మెట్టు ఉంది. తరువాత ఆయనే పదిమందిలో హెల్మెట్టు పెట్టుకోండని చెబుతూ వచ్చాడు. వేయి పోలీసు బోర్డులకంటె ఆ ఒక్కరి మాటకు కుర్రకారులో విలువ ఎక్కువ.

నాకు తెలిసిన పిల్లవాడు పేరున్నవాడు కాదు. మూడేళ్ళు నా దగ్గర తెలుగు చదివాడు. గణవిభజన చేయమంటే వేళ్ళు మడవకుండా చెప్పేవాడు. పెద్దవాడై విమానాశ్రయం వైపు సరకుల గోదాములో ఉద్యోగం సంపాదించాడు. ఏడాది జీతం కూడబెట్టి, తక్కినదానికి నెలవాయిదాలు పెట్టుకొని బండి కొన్నాడు. చూపించడానికి మా ఇంటికి తెచ్చి, 'ఎక్కండి సార్, చౌరస్తా దాంక తిప్పుకొస్త' అన్నాడు. ఎక్కాను. బండి బాగుంది. మూడు నెలల తరువాత రాత్రి డ్యూటీ దిగి వస్తూ గగన్‌పహాడ్ దగ్గర రోడ్డు మీద పోసిన ఇసుకలో చక్రం జారి పడ్డాడు. ఎవరూ గుద్దలేదు. వేగం కూడా ఎక్కువ లేదన్నారు. తల ఫుట్‌పాతు అంచుకు తగిలింది. పదకొండో రోజున వాళ్ళింటికి వెళ్ళాను. బీరువా మీద హెల్మెట్టు ఉంది, బండితోపాటు షోరూములో ఇచ్చినది. దాని ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. నా చూపు ఎటు పోయిందో వాళ్ళ నాన్న గమనించాడు. 'గది పెట్టుకోనే లేదు సార్. జుట్టు ఖరాబయితదనేటోడు' అన్నాడు. నేను చెప్పగలిగినదేమీ లేక కాసేపు కూర్చుని వచ్చేశాను.

జుట్టు మాట వచ్చింది కనుక చెబుతున్నాను. హెల్మెట్టు వద్దనేవారి అభ్యంతరాలను నేను కొట్టిపారేయను. మే నెలలో మధ్యాహ్నం ఆరాంఘర్ సిగ్నలు దగ్గర నిలబడితే తల పొయ్యి మీద కుండే. చెమట కళ్ళలోకి కారుతుంది. కళ్ళద్దాలవాడికి మరీ కష్టం. బండికి తగిలించి పోతే వచ్చేసరికి ఎవరో ఎత్తుకుపోతారు. చేత్తో పట్టుకొని దుకాణానికో ఆఫీసుకో పోతే పెట్టడానికి చోటుండదు. ఇవన్నీ నిజాలే. కాని ఒకటి గమనించండి. బండి విషయంలో ఇటువంటి కష్టాలు ఎన్ని ఉన్నా ఎవరూ బండి మానుకోలేదు. ఎండకు సీటు కాలితే తువాలు పరిచారు. వానకు తడిస్తే కవరు కుట్టించారు. దొంగతనానికి గొలుసు కొన్నారు. మోజు ఉన్నచోట ఉపాయం దానంతటదే పుడుతుంది. హెల్మెట్టుకు కొక్కెం పెట్టించుకోవడం, గాలి ఆడే రకం ఎంచుకోవడం, లోపల నూలుగుడ్డ టోపీ వేసుకోవడం పెద్ద విద్యలేమీ కావు. కళాశాలలు, ఆఫీసులు వాహనాలు నిలిపే చోట ఒక బల్ల, నాలుగు మేకులు పెట్టించలేవా?

లెక్కలు కూడా ఒకటి రెండు చెప్పుకొందాం, ఎక్కువ వద్దు. కేంద్ర రవాణాశాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో మరణించినవారు 1,68,491 మంది. అందులో హెల్మెట్టు లేకుండా పోయినవారు 50,029. వీరిలో వెనుక కూర్చున్నవారు కూడా వేలలో ఉన్నారు. హెల్మెట్ల మీద వివిధ దేశాలలో జరిగిన పరిశోధనలను ఒకచోట చేర్చి 2008లో వెలువడిన కాక్రేన్ సమీక్ష, వీటివల్ల మరణించే ప్రమాదం సుమారు 42 శాతం, తలకు దెబ్బ తగిలే ప్రమాదం 69 శాతం తగ్గుతాయని తేల్చింది. నూటికి నూరు కాదన్నది మరువరాదు. ఇది కర్ణుని సహజకవచం కాదు. 120 వేగంతో పోయేవాణ్ణి ఏ శిరస్త్రమూ అడ్డుపడి కాపాడలేదు. మా పిల్లవాడిలా మామూలు వేగంతో జారిపడినవాడి విషయంలో మాత్రం దాని విలువ కట్టలేనిది. లోపల ఉండే థర్మోకోలు వంటి పొర నలిగిపోయి, తలకు తగలవలసిన దెబ్బను తాను తింటుంది. అందుకే ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్టు పైకి బాగున్నా పనికిరాదు. రోడ్డు పక్కన గుట్టలు పోసి అమ్మే చవకరకం వాటిలో ఆ పొర ఉందో లేదో దేవుడికెరుక. 2021 జూను ఒకటి నుండి ఐ.ఎస్.ఐ. ముద్ర లేనివి అమ్మడం నేరం. అయినా ఎండలో మెరుస్తూ కనబడుతూనే ఉంటాయి. అవి తలకోసం అమ్మేవి కావు, చలానా కోసం అమ్మేవి.

నన్నడిగితే చట్టం వల్ల ఒక అపకారం కూడా జరిగింది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 129వ సెక్షను హెల్మెట్టును తప్పనిసరి చేసింది. 2019 సవరణతో జరిమానా వెయ్యి రూపాయలకు పెరిగింది. చట్టం మంచిదే, ఉండవలసినదే. అయితే వస్తువు పోలీసుతో ముడిపడిపోయింది. వేగం, అందం, పౌరుషం కంపెనీవాడు తీసికొన్నాడు. రక్షణను కానిస్టేబులు చేతిలో పెట్టాడు. పౌరుషంతో బండి కొన్నవాడికి కానిస్టేబులు చెప్పిన వస్తువు తల మీద పెట్టుకోవడం ఓటమిలా తోస్తుంది. రౌతు వేషాన్ని నిలువునా రెండుగా చీల్చి ఒక ముక్క అమ్మి, రెండో ముక్కకు జరిమానా వేస్తే వచ్చిన ఫలమిది.

ఇట్లా కాకుండా ఉండగలదని చెప్పడానికి క్రికెట్టే సాక్ష్యం. 1977 దాకా తల మీద గట్టి కప్పుతో బ్యాటింగుకు దిగడమంటే పిరికితనం. ఆ ఏడాది ఆస్ట్రేలియాలో ప్యాకర్ పోటీలలో ఇంగ్లండు ఆటగాడు డెనిస్ ఏమిస్ మోటారు సైకిలు హెల్మెట్టునే మార్పించుకొని పెట్టుకొన్నాడు. అవును, మోటారు సైకిలుదే! 1978లో బార్బడోస్ టెస్టులో గ్రాహం యాలప్ పెట్టుకొని వస్తే జనం ఎగతాళి చేశారు. వివియన్ రిచర్డ్స్ వంటివాడు చివరిదాకా టోపీతోనే ఆడాడు. ఆయన సంగతి వేరు. నేడు మా వీధి పిల్లవాణ్ణి చూడండి. వేసవి శిక్షణకు చేర్చగానే మొదట అడిగేది హెల్మెట్టు, ప్యాడ్లు, చేతితొడుగులు. అవన్నీ వేసుకొని అద్దం ముందు నిలబడి ఫోటో తీయించుకొంటాడు. అదే పిల్లవాడు పదేళ్ళ తరువాత బండి ఎక్కేటప్పుడు తల కప్పుకోవడానికి సిగ్గుపడతాడు. బంతి వేగానికి తల కప్పుకొంటే వీరుడు, రోడ్డు వేగానికి కప్పుకొంటే పిరికివాడా?

సీమలో ఈ మార్పు ఎట్లా మొదలైందన్నదీ ఆసక్తికరం. అరేబియా లారెన్సుగా ప్రసిద్ధుడైన టి.ఇ. లారెన్స్ వేగమంటే ప్రాణమిచ్చేవాడు. బ్రఫ్ సుపీరియర్ బండి మీద పోతూ 1935 మేలో పడి, ఆరు రోజులకు మరణించాడు. అతనికి వైద్యం చేసినవారిలో హ్యూ కేర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడొకడు. ఆ వీరుణ్ణి బ్రతికించలేకపోయిన కేర్న్స్ తలదెబ్బల మీద పరిశోధన సాగించి 1941లో ప్రకటించాడు. బ్రిటిషు సైన్యంలో మోటారు సైకిలు నడిపేవారికి హెల్మెట్లు తప్పనిసరి అయ్యాయి. సైనికుడు పెట్టుకొన్నదానిని పిరికిదనం అనే ధైర్యం ఎవరికుంటుంది!

మన దగ్గర చేయదగిన పని మన పండుగలోనే ఉంది. దసరాకు ఆయుధపూజ చేస్తాం. బండిని కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొడతాం. ఆనాడు మహానవమికి రాయలవారి గుర్రాల మీద బ్రాహ్మణులు మంత్రజలం చల్లిన ఆచారానికి ఇది మనుమరాలు. ఆ పూజలో హెల్మెట్టు ఎక్కడుంటుంది? బీరువా మీద! దానిని దించి బండి సీటు మీద పెట్టి, దానికీ ఒక బొట్టు పెట్టమని నా కోరిక. ఆయుధాలతోపాటు కవచం కూడా ఆయుధపూజకు అర్హమే కదా. కొత్త అల్లుడికి లాంఛనంగా బండి కొనిపెట్టే మామగార్లు ఇంకా ఉన్నారు. ఆ ఆచారం నాకు నచ్చదు, మానరాదా అని చెప్పి చెప్పి అలసిపోయాను. మానలేనివారు బండితోపాటు మంచి శిరస్త్రాలు రెండు కొనాలి. రెండోది వారి కూతురిది. వెనుక ఒకవైపుకు కూర్చుని, ఒళ్ళో పసిబిడ్డను పెట్టుకొని, ఉత్త తలతో పోయే ఆడపిల్లలను ఈ చౌరస్తాలో చూసినప్పుడు గుండె ఝల్లుమంటుంది. ముందున్నవాడికి చలానా భయంతో హెల్మెట్టు ఉంటుంది, వెనుక ఉన్న ఇద్దరికీ ఉండదు. చట్టం ముందు కూర్చున్నవారిని, వెనుక కూర్చున్నవారిని వేరు చేయలేదు.

ఇంటర్మీడియట్ పాసైతే బండి కొనిస్తానని మనుమడికి మాట ఇచ్చిన తాతలు నా మిత్రులలోనే ముగ్గురున్నారు. వారికి నేను చెప్పినది ఇది. బండి ధరలో ఇరవయ్యో వంతు ముందే తీసి పక్కన పెట్టండి. మనుమణ్ణి తీసికొని ముందు హెల్మెట్ల దుకాణానికి పోండి. రంగు, ఆకారం, బొమ్మ అన్నీ వాడినే ఎంచుకోనివ్వండి. ఆ విషయంలో మన రుచి వాడి మీద రుద్దవద్దు. కనుబొమల పైగా టేపు చుట్టి కొలత తీసి, గడ్డం కింద క్లిప్పు పెట్టించి, తల అటూ ఇటూ ఊపించి చూడండి. వదులుగా కదిలితే అది కాదు. ఆ తరువాత బండి దుకాణానికి. ముగ్గురిలో ఒకాయన అట్లాగే చేశాడు. మనుమడు నల్లని శిరస్త్రం మీద ఎర్రని డేగ బొమ్మ ఉన్నదాన్ని ఏరుకొన్నాడట. బండి ఇంకా రాలేదు. వాడు దానిని పెట్టుకొని ఇంట్లో తిరుగుతున్నాడని తాతగారు ఫోనులో ఫిర్యాదు చేస్తున్నాడు.

చివరగా మిత్రులకు ఒక విన్నపం. శిరస్త్రాణం పత్రికల మాటగా మిగిలిపోయింది, నోట నలగలేదు. హెల్మెట్టు తెలుగై కూర్చుంది, దానితో నాకు తగవు లేదు. అయినా ముంజేతికి, కాలికి, చంటిబిడ్డ నడుముకు పెట్టే ఆభరణాలకు మన ఇళ్ళలో ఎన్నో పేర్లున్నప్పుడు తలను కాచేదానికి ఒక పేరు ఉండరాదా అనిపిస్తుంది. 'తలకాపు' అని నాకు తోచింది. కాపు అంటే రక్షణ, కాళ్ళకు వేసుకొనే నగ కూడా కాపే కనుక అలంకారమనే అర్థమూ వస్తుంది. మీ ప్రాంతాలలో ఇంతకంటె మంచి మాట ఏదైనా వాడుకలో ఉంటే వ్యాఖ్యలో తెలుపగలరు.